నాట్లకు పాలమూరు లారీ దిగిన ఏడు

మొన్నటి వానకాలంలో మా చెల్లెలు యాదమ్మ కౌలుకు చేస్తున్న పొలం చూడటానికి హాలియా దాకా వెళ్లాను. ఉద్యోగ విరమణ తరువాత నాట్ల సమయంలో అటు వెళ్లడం అదే మొదటిసారి. మడిలో ఆడవాళ్లు లేరు. బీహారు నుంచి వచ్చిన పదిమంది యువకులు సాళ్లకు తాడు కట్టుకొని, వంచిన నడుము ఎత్తకుండా, వెనక్కి జరుగుతూ నాటుతున్నారు. చెల్లెలు నన్ను పక్కకు పిలిచింది. వాళ్లకు మన భాష రాదని తెలిసి కూడా గొంతు తగ్గించి, "అక్కా, వీళ్లు నారు ముంచుతున్నరేమో అని నాకు అనుమానం. జర ఏలు పెట్టి చూడరాదే," అన్నది. ఒడ్డు మీద కూర్చొని నాలుగైదు చోట్ల వేలు పెట్టి చూశాను. నారు వేలి మొదటి కణుపు లోతులోనే ఉంది. "మంచిగుంది," అన్నాను. ఇదే మాటను, ఇలాంటి మడి గురించే, నేను ఇంతకు ముందు ఒకసారి ఒక మనిషికి అబద్ధంగా చెప్పాను.

నా చిన్నతనంలో మా ఇంట్లో నాట్ల కాలం గోరింటాకు వాసనతో మొదలయ్యేది. అది పండుగకు పెట్టుకునే గోరింటాకు కాదు. సాగరు ఎడమ కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారా అని బాపు రేడియోను చెవికి ఆనించుకొని రోజుల తరబడి వినేవాడు. వార్త రాగానే "వదిలిండ్రే!" అని వాకిట్లోకి ఒక్క కేక వేసేవాడు. ఆ సాయంత్రమే అమ్మ గోరింటాకు తెంపుకొచ్చి, రోట్లో మెత్తగా నూరి, తన కాలివేళ్ల సందులకూ గోళ్ల చుట్టూ మందంగా పట్టించి, తరువాత నా కాళ్లు తన ఒళ్లోకి లాక్కునేది. బురదలో రోజంతా నానితే వేళ్ల సందులు పుండ్లు పడతాయి. గోరింటాకు పట్టిన తోలు కొంత తట్టుకుంటుంది. మా అమ్మ కొమరమ్మ పెద్దగా, ఆమెతో కలిపి పన్నెండు మంది ఆడవాళ్ల ముఠా ఉండేది. తెల్లవారి జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం మూట కట్టుకొని బయలుదేరితే అందరి పాదాలూ ఎర్రగా కనిపించేవి. ముఠాలో సైదమ్మ అనే ఆమె నవ్వించకుండా నాలుగు అడుగులు వేయలేని మనిషి. "పెండ్లిపిల్లలం పన్నెండుగురం పోతున్నం. పిలగాడు మాత్రం ఒక్కడే, బుర్ద," అనేది. చివరి మూడేళ్లు నేను కూడా సెలవు రోజుల్లో ఆ వరుసలో నడిచాను కనుక నన్ను పదమూడో పెండ్లిపిల్ల అని పిలిచేది.

ఏడాది పొడవునా కూలి ఎంతో చెప్పేది ఊర్లో ఎక్కువ పొలమున్న పటేలు. నాట్లు పడే ఆ మూడు వారాలు మాత్రం చెప్పేది మా అమ్మ. కారణం నాకు చాలా కాలం తరువాత పుస్తకాల్లో కనిపించింది గానీ, అమ్మకు అది కాలువను చూసే తెలుసు. నీళ్లు అందరికీ ఒకేసారి వస్తాయి, నారు అందరిదీ ఒకేసారి ముదురుతుంది, వంగే నడుములు మాత్రం ఊర్లో ఎన్ని ఉన్నాయో అన్నే. అందుకని మా ముఠాలో ఒక పద్ధతి ఉండేది. కూలి మాట ఒడ్డు మీద, పొడి కాళ్లతో నిలబడి తేల్చుకోవాలి. అమ్మ బురదలో కాలు పెట్టిందంటే బేరం ముగిసినట్టు. ఆ తరువాత అటు పటేలు తగ్గించకూడదు, ఇటు మేము పెంచమని అడగకూడదు. నాకు తెలిసినంత వరకు ఆ మాటను ఎవరూ తప్పలేదు.

నేను పదో తరగతి మొదటి శ్రేణిలో ప్యాసైన ఏడు అమ్మ ఒడ్డు మీద నిలబడి కూలి కొంచెం పెంచి అడిగింది. మా ఇంట్లో అంతవరకు చదువుకున్నది నేను ఒక్కదాన్నే. నన్ను నల్లగొండలో ఇంటర్‌లో చేర్పించాలని, దానికి ఆ మూడు వారాల సంపాదన తప్ప మరో దారి లేదని ఇంట్లో అందరికీ తెలుసు. ఊరికీ తెలుసు. పటేలుకు కూడా తెలుసునని ఆయన మొదటి మాటతోనే అర్థమైంది.

"ఏందే కొమరమ్మా, నీ బిడ్డ సదువు నా పొలంలకెల్లి తీద్దామనుకుంటున్నవా?"

"నా బిడ్డ ముచ్చట గాదు పటేలా. పోయినేడు బియ్యమెంత, గీయేడు బియ్యమెంత, గది జూడు. గీ పన్నెండు ఇండ్లల్ల అందరూ తినేదే."

"చూస్త తియ్యి. కాళ్లు తడవకముందే ఇండ్లకు నడువుండ్రి."

మేము తిరిగి వచ్చాం. ఎవరికీ భయం లేదు. నారు ముదురుతున్నది, రేపో ఎల్లుండో కబురు వస్తుందని సైదమ్మ ధీమాగా చెప్పింది. రెండు రోజులు ఎదురుచూశాం. మూడో నాడు పొద్దున సడక్ మీద ఒక లారీ ఆగింది. అందులో నుంచి గిన్నెలు, గోనెసంచులు, కట్టెల మోపులు, వాటితోపాటు ముప్పై మంది దాకా మనుషులు దిగారు. పాలమూరు జిల్లా మెట్ట ఊర్ల వాళ్లు. వాళ్లను తెచ్చిన మేస్త్రి తెల్ల అంగీ వేసుకొని ముందు సీట్లో నుంచి దిగాడు. సాయంత్రానికి పటేలు పశువుల కొట్టం ముందు వాళ్ల పొయ్యిలు మండాయి.

ఆ రోజు నుంచి మా వాడలో మాట్లాడుకున్నదంతా అనుమానమే. వాళ్లు మనలో సగం కూలికే వచ్చారని ఒకరు, కూలి లేకుండా ఉట్టి జొన్నగట్క తిండికే చేస్తున్నారని మరొకరు అన్నారు. రాత్రిళ్లు కోళ్లను గంపల కింద కమ్మి పైన రాళ్లు పెట్టారు. వాళ్ల పిల్లలు బోరింగు దగ్గరికి వస్తే మా పిల్లలను లోపలికి పిలిచారు. ఎవరి కోడీ పోలేదు, ఎవరి బిందే పోలేదు. అయినా రాళ్లు తీయలేదు. నేను కూడా వాళ్లను అలాగే చూశాను. చదువుకున్నదాన్ని కనుక నా అనుమానానికి ఇంకొంచెం పెద్ద మాటలు వాడుకున్నాను, అంతే తేడా.

నాలుగో నాడు అమ్మ నన్ను, సైదమ్మను వెంటబెట్టుకొని, గడ్డికి పోతున్నట్టుగా కొడవళ్లు పట్టుకొని, పటేలు పొలం ఒడ్డు మీదుగా నడిచింది. పాలమూరు ఆడవాళ్లు చాలా వేగంగా నాటుతున్నారు. సాళ్లు దారం పట్టినట్టున్నాయి. అమ్మ ముఖం చిన్నబోయింది. గడ్డి కోస్తున్నట్టు వంగి, చేతికందిన ఒక నారు మొక్క పక్కన వేలు దించింది. వేలు మొత్తం లోపలికి పోయింది. ఇంకో చోట చూసింది. అక్కడా అంతే. కొడవలి చంకలో పెట్టుకొని ముందుకు నడిచింది. పొలం దాటాక సైదమ్మ ఆగలేకపోయింది.

"నాటుతలేరే కొమరమ్మా, పాతిపెడ్తున్నరు! గంత లోతుకు ముంచితే పిలకలేడ పెడ్తది?"

"సప్పుడు జెయ్యకు."

"సప్పుడు జెయ్య. ఇరవై దినాలు ఎవ్వరం సప్పుడు జెయ్యొద్దు. పైరు పసుపు రాసుకున్నట్టయితది. అప్పుడు పటేలు మన వాకిట్లకు నడ్సుకుంట వస్తడు."

వాళ్లకు వరి కొత్త. అన్నేళ్లూ మట్టి పనికి, కాలువల తవ్వకానికి పోయినవాళ్లు. ఇంటి దగ్గర నాటింది మిరప నారు, తైద అనే రాగుల నారు. తడి లోపలెక్కడో దాక్కునే ఎర్ర నేలల్లో నారు ఎంత లోతుకు పోతే అంత బతుకుతుందని వాళ్ల చేతులకు తెలుసు. ఆ తెలివినే నీళ్లు నిండిన మా నల్లమడిలోకి తెచ్చారు. వరిని అలా ముంచితే వేరు ఊపిరాడక తన్నుకుంటుంది, పక్క పిలక లేవదు. ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆ మాట చెప్పకూడదని ముఠాలో మిగతా పదకొండు మందీ ఒప్పుకున్నారు. అమ్మ అవునని అనలేదు, కాదని కూడా అనలేదు. నేను మాత్రం మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాను.

రెండు రోజుల తరువాత నేను కాలువ దగ్గర బట్టలు ఉతుకుతుంటే వాళ్ల ముఠాకు పెద్ద అయిన ఆమె పక్క రాయి మీదికి వచ్చి కూర్చుంది. బాలకిష్టమ్మ అని తరువాత తెలిసింది. అమ్మ వయసే ఉంటుంది. ఆమె కాలివేళ్ల సందులు అప్పటికే పగిలి తెల్లగా పాచిపోయాయి. కాళ్లు నీళ్లలో పెట్టి నొప్పికి పళ్లు బిగించి, ఆ తరువాత నన్ను చూసి నవ్వింది.

"సదువుకుంటున్నవా పిల్లా?"

"ఇంటర్ జేర్త."

"మంచిది. మీ ఊరి ఆడోళ్లు నాట్లకు రారంట గద? మా మేస్త్రి జెప్పె. గీడోళ్లకు కాల్వ నీళ్లొచ్చి ఒళ్లు బరువైంది, బురదల దిగరు, గందుకే మిమ్మల్ని తీస్కపోతున్న అనె."

నాకు కోపం వచ్చింది. ఆ కోపంలో మేస్త్రిని అనుమానించవలసింది పోయి ఆమెనే అనుమానించాను. మా గుట్టు లాగడానికి వచ్చిందనుకున్నాను. "మీకు కూలి ఎంతిస్తున్నరు?" అని అడిగాను. "మాకేమెర్క? గుత్తకు తెచ్చిండు. కొంత ముందుగాలనే ఇచ్చె. మిగిలింది పైరు తిరిగి పచ్చగయినంక పటేలు ఇస్తడంట, గప్పుడు పంచుతడంట," అన్నది. కాసేపాగి, బట్టలు పిండుతున్న నా చేతుల వైపు చూస్తూ, "మేము వరి నాటుడు గిదే మొదలు పిల్లా. మొన్న గా ఒడ్డు మీదికెల్లి పోతుంటివి గద, చూస్తివా? మంచిగుందా?" అని అడిగింది.

"మంచిగుంది," అన్నాను.

ఆమె తేలికపడి కాళ్లు ఇంకా కొంచెం లోపలికి జార్చింది. పైరు తిరగకపోతే ఆ మిగిలిన కూలి వాళ్లకు దక్కదన్న సంగతి ఆమె అప్పుడే నాకు చెప్పింది. అది తెలిసే నేను ఆ మాట అన్నాను. ఇంటికి వచ్చి అమ్మకు కూలి సంగతి చెప్పాను. మడి ఎలా ఉందని ఆమె నన్ను అడిగిన సంగతి చెప్పలేదు.

సైదమ్మ లెక్క మూడు రోజులు అటు ఇటుగా నిజమైంది. ఆ మధ్య మేము నాటిన పక్క చిన్న రైతుల పొలాలు ముదురు పచ్చగా నల్లబడుతుంటే పటేలు మడులు పాలిపోయాయి. పాలమూరు వాళ్లు అప్పటికింకా కొట్టం దగ్గరే ఉండి, దొరికిన చిల్లర పనులు చేస్తూ మిగిలిన కూలి కోసం చూస్తున్నారు. ఒక పొద్దున పటేలు మా వాకిట్లోకి వచ్చి, లోపలికి రాకుండానే, "కొమరమ్మా, ఒక్కసారి పొలం కాడికి రా," అన్నాడు. అమ్మతోపాటు నేనూ, సైదమ్మా వెళ్లాం. అక్కడ మేస్త్రి ఉన్నాడు. బాలకిష్టమ్మ, మరో నలుగురు ఆడవాళ్లు చేతులు కట్టుకొని నిలబడ్డారు. అమ్మ మడిలో నుంచి ఒక మొక్కను పీకి, కడిగి, పటేలు చేతికిచ్చింది. పిలకలు లేవు. అడుగు వేరు నల్లబడింది.

"తెగులా?"

"తెగులు గాదు పటేలా. ముంచిండ్రు."

పటేలు ఆ మొక్కను మేస్త్రి ముఖం మీదికి విసిరాడు. "దొంగముండకొడుకా! ఎకరానికి గంత పోసి తెచ్చుకుంటి గదరా నిన్ను!" అంటూ ఎంతో ఆ సంఖ్య కూడా అందరి ముందూ అరిచాడు. అమ్మ చేతివేళ్లు కదలడం నేను చూశాను. ఎకరం నాటుకు ఎందరు ఆడవాళ్లు, ఎన్ని పూటలు కావాలో అమ్మకు వేళ్ల మీద ఉంటుంది. ఆమె అలా తలెత్తి పటేలు వైపు చూడటం నాకు కొత్త.

"మేము ఒడ్డు మీద అడిగింది గంతకంటె తక్కువనే గద పటేలా."

పటేలు జవాబు కోసం అమ్మ ఎదురుచూస్తుండగానే అవతలి నుంచి బాలకిష్టమ్మ గొంతు వినిపించింది. "మేస్త్రీ, ఎకరానికి గంతనా? మాకేమంటివి నువ్వు? అండ్ల సగం గూడ గాదు గద!" మేస్త్రి ఆమె వైపు వేలు చూపించి, "లారీ కిరాయి నీ అయ్య ఇస్తడా? ఇన్ని దినాలు తిన్న బియ్యం ఎవ్వడిచ్చిండు? నోరు ముయ్యి," అన్నాడు. రెండు జిల్లాల ఆడవాళ్లం ఒకే సంఖ్యను ఒకేసారి విన్నాం. వాళ్లు మా కూలి తగ్గించడానికి వచ్చారని మేము అనుకున్నాం. మేము పని వద్దన్నామని వాళ్లు అనుకున్నారు. తక్కువకు పని చేయించుకున్నవాడు మా పటేలు కూడా కాదు. ఆయన ఎక్కువే పోశాడు. మా అమ్మకు మాత్రం ఇవ్వడానికి మనసు రాలేదు.

బాలకిష్టమ్మ అప్పుడు నా వైపు తిరిగింది.

"పిల్లా, నువ్వు మంచిగుందంటివి గద."

అమ్మ ఒక్క క్షణం నన్ను చూసింది. ఆ చూపులో తిట్టు లేదు. ఆమెకు అర్థమైపోయింది. "దానికేమెర్క అక్కా, సదువుకునే పోరి. నాటుడు దానికి రాదు," అన్నది. బాలకిష్టమ్మ తల వంచి నా పాదాలను చూసింది. గోరింటాకు పట్టి, బురద తిని, మా అమ్మ పాదాల్లాగే ఉన్న ఎర్రటి పాదాలు. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని పక్కకు జరిగింది.

మిగిలిన కూలి వాళ్లకు అందలేదు. ఆ సాయంత్రమే మేస్త్రి వాళ్లను మరో ఊరికి ఎక్కించుకుపోయాడు. పటేలుకు వేరే దారి లేక, చెడిన మడులను తిరిగి నాటడానికి, ఇంకా నాటని మడులను ముగించడానికి అమ్మ అడిగిన కూలే ఒప్పుకున్నాడు. ఆ డబ్బుతో నేను నల్లగొండలో ఇంటర్‌లో చేరాను. ఆ తరువాత డిగ్రీ, పీజీ, ఉద్యోగం అన్నీ దాని మీద నిలబడ్డవే. ఈ వాక్యాన్ని ఇంతకంటే మృదువుగా రాయడానికి చాలాసార్లు ప్రయత్నించాను. రాలేదు.

జూనియర్ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పిన ఇన్నేళ్లూ నేను బోర్డు మీద రెండు గీతలు గీసి, బయటి నుంచి మనుషులు వస్తే ఈ గీత ఇటు జరుగుతుంది, కూలి ఇక్కడికి దిగుతుంది అని పిల్లలకు చూపించాను. గీతలు తప్పని నేను అనను. కానీ ఆ గీతలకు పటేలు గొంతు లేదు, మేస్త్రి తెల్ల అంగీ లేదు. కూలి నిజంగా పడిపోయింది ఆ మరుసటి ఏడు. లారీ తరువాత వచ్చింది గానీ, కూలి పడటానికి అది వస్తుందన్న మాటే సరిపోయింది. ఒడ్డు మీద అమ్మ పెంచకముందటి పాత కూలికే తల ఊపింది. ఈనాడు మా చెల్లెలు కౌలు రైతు. ఆమె కూడా బీహారు పిల్లలకు ఎంత చేరుతుందో తనకు తెలియదంటుంది, డబ్బు వాళ్ల మేస్త్రికి ఫోన్లో పంపిస్తానంటుంది. ఊరి ఆడవాళ్లలో కొందరు నకిరేకల్, నార్కట్‌పల్లి వైపు హోటళ్లలో, మిల్లుల్లో పనికి పోతున్నారు. వాళ్లు పోయారు కనుక వీళ్లు వచ్చారో, వీళ్లు వచ్చారు కనుక వాళ్లు పోయారో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో విధంగా చెబుతారు. ఎవరు చెప్పినా నాకు పూర్తిగా నమ్మకం కలగడం లేదు. నా జ్ఞాపకం మీద కూడా నాకు అంత నమ్మకం లేదు కనుక, ఆ మరుసటి ఏడు జరిగినది మాత్రం చూసింది చూసినట్టు రాసి ముగిస్తాను.

పటేలు ఆ ఏడు సగం పొలం మాకు, సగం బయటివాళ్లకు పంచాడు. లారీ వచ్చిందని తెలియగానే నేను సెలవు పెట్టి నాట్లకు వచ్చినదాన్ని వచ్చినట్టే సడక్ మీదికి వెళ్లి, దిగుతున్న ఒక్కొక్క ముఖాన్నీ చూశాను. బాలకిష్టమ్మ లేదు. వీళ్లు వేరే ఊరి వాళ్లు, వీళ్లకూ వరి కొత్తే. మరునాడు అమ్మ నన్ను తీసుకొని వాళ్ల మడి దగ్గరికి వెళ్లింది. వాళ్ల పెద్దమనిషి, సన్నగా పొడుగ్గా ఉన్న ఒక ఆడమనిషి, నడుము ఎత్తి నిలబడింది.

"అక్కా, గంత లోతుకు వద్దు. పైపైన పెట్టుండ్రి. గింత," అని అమ్మ చూపుడువేలి మొదటి కణుపు పట్టుకొని చూపింది. "గుత్త ఎంతకు మాట్లాడుకున్నరో మేస్త్రిని కాదు, పటేలును అడుగుండ్రి."

ఆమె అమ్మను పై నుంచి కింది దాకా చూసింది. "నువ్వెవరివి?"

"గీ పక్క మడి నాటేది మేమే."

"మరి మా నాటు మంచిగుంటే నీకేమొస్తది?"

అమ్మ దగ్గర ఆ ప్రశ్నకు జవాబు ఉండే ఉంటుంది. నాకు ఇప్పటికీ తోచే జవాబులు చాలా ఉన్నాయి. అమ్మ మాత్రం నన్ను ఒకసారి చూసి, పట్టుకొని ఉన్న చూపుడువేలిని వదిలేసింది. ఆ పొడుగాటి మనిషి వెనక్కి తిరిగి తన వాళ్లతో, మాకు వినిపించేటట్టుగానే, "పైలం. గీ ఊరోళ్లు మన నాటు చెడగొట్ట జూస్తున్నరు. ఎట్లేస్తున్నరో అట్లనే ఎయ్యుండ్రి," అన్నది. అందరూ వంగారు. మేము తిరిగి వచ్చాం.

మరుసటి పొద్దున, వాళ్లు లేవకముందే, నేను ఒక్కదాన్నే వెళ్లి ఆ మడి పొడవునా ఒడ్డు వెంట వేలు దించుకుంటూ నడిచాను. అంతటా వేలు పూర్తిగా మునిగింది. కాలువ వైపు, చివరగా నాటిన మూలన మాత్రం, ఎవరు నాటారో తెలియదు, మూడు సాళ్లు ఒక్క కణుపు లోతులో ఉన్నాయి.